పద్దెనిమిది గజాలు

నేను సున్నం గీతలవాణ్ణి.
డర్హమ్ గనుల్లో ముప్పై ఏళ్ళు తవ్వి
తవ్విన దాంట్లో కొంత
ఊపిరితిత్తుల్లోనే దాచుకున్నాక
క్లబ్బువాళ్ళు జాలిపడి
ఒక బకెట్టు, ఒక కుంచె, ముళ్ళు వేసిన కొలతాడు ఇచ్చారు.
నల్లపని చేసిన చేతికి తెల్లపని.

గోల్‌కీపర్ కథ్‌బర్ట్ రేన్ మా వీధివాడే.
కింద, రెండడుగుల బొగ్గు పొరలో
పక్కకి ఒరిగి పడుకుని తవ్వుతాడు.
మోచెయ్యి చాపితే రాయి, తలెత్తితే రాయి.
శనివారం మధ్యాహ్నం మాత్రం
సగం మైదానం అతని చేతులది.
బంతిని నేలకి కొడుతూ, పడుతూ, మళ్ళీ కొడుతూ
నడిగీత దాకా పరిగెత్తుకొచ్చేవాడు.
అవతలివాళ్ళు తిట్టుకునేవారు.
నియమం అతని వైపుండేది మరి.

మార్చిలో సమ్మె.
దేశమంతా గనులు నోళ్ళు మూశాయి.
ఏళ్ళ తరబడి ఎండ చూడని పొట్టి గుర్రాలని
పైకి తెచ్చి మా మైదానంలో వదిలారు.
గడ్డిని చూసి బెదిరాయవి.
కాసేపటికి ఒకటి వెల్లకిలా పడి దొర్లింది,
ఇంక అన్నీ దొర్లాయి.
ఆ వారాల్లో మేం కాలే కడుపులతో
పొద్దస్తమానం ఆడాం,
గుర్రాల మధ్య, లద్దెల మీద, గీతల్లేకుండా.
కథ్‌బర్ట్ మళ్ళీ అంతగా నవ్వలేదంటే అబద్ధం.
నాకు గుర్తున్న నవ్వు మాత్రం అదే.

రోజుకూలీకి ఒక గీత గీయండి,
దానికి కిందకి దించకండి, అన్నాం.
లండన్‌లో చట్టం చేశారు.
గీత గీశారు,
దాని పక్కన అంకె వెయ్యలేదు.
ఏప్రిల్‌లో గుర్రాల్ని మళ్ళీ దించారు.
ఒకటి బోను ముందు మొండికేసింది.
ఎవడూ దాన్ని కొట్టలేదు.

ఎండాకాలంలో ఇంకో చట్టం వచ్చింది, ఇది ఆటది:
సెప్టెంబరు నుంచి గోల్‌కీపర్
పెనాల్టీ గీత దాటాక బంతిని చేత్తో ముట్టకూడదు.
దీనికి అంకె ఉంది. పద్దెనిమిది గజాలు.
జెర్సీకి మాత్రం ఇకనుంచి ఆకుపచ్చ కూడా చెల్లుతుందట.
"చేతులు పుచ్చుకుని రంగిచ్చారు" అంటూ
అతని భార్య థామసీన్ అద్దకం నీళ్ళు మరగబెట్టింది.

స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో
జర్మనీ కుర్రాడొకడు ఒక్క ఆటలోనే
పది గోల్స్ కొట్టాడని
ఎవరో పేపరు చదివి వినిపించారు.
బెంచీ మీద అందరూ ఈల వేశారు.
కథ్‌బర్ట్ అడిగాడు:
"గోల్‌లో నిలబడ్డవాడి పేరు వేశారా?"
వెయ్యలేదు.

పదేళ్ళుగా నేను గీస్తున్న గీతే అది.
అంగుళం జరగలేదు.
నిన్నటిదాకా గడ్డి మీద సున్నం,
ఇవాళ గోడ.

మొదటి శనివారం, మంచు ఇంకా విడవకముందు
నేనొక పని చేశాను.
పద్దెనిమిదో ముడి దాటించి
ఇంకో గజం తాడు వదిలాను.
చేతికి ఎముక లేదనుకోండి,
సున్నానికి కాపలా లేదనుకోండి.
రెఫరీ పైపు ముట్టించుకుంటూ తొక్కుకుపోయాడు.

కథ్‌బర్ట్ వచ్చాడు, ఆకుపచ్చగా.
గోల్ దగ్గర్నుంచి అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచాడు.
ఆగాడు.
దూరంగా బకెట్టు పట్టుకున్న నన్ను చూశాడు.
బూటుతో ఆ గీతని తుడిచేశాడు, ఈ చివర్నుంచి ఆ చివరికి.
నా కుంచె అడిగి తీసుకుని
తన గీత తనే గీసుకున్నాడు, వంకరగా.

రెండో సగంలో బంతి ఒంటరిగా వచ్చింది.
పరిగెత్తాడు.
గీత దగ్గర చేతులు ముందుకి లేచాయి,
పొయ్యిలోంచి లాక్కున్నట్టు
రొమ్ముకి ముడుచుకున్నాయి.
అవతలివాడు తాపీగా తల మీంచి వేశాడు.
మాలో ఎవరూ అరవలేదు.

కొలతాడు ఇంకా నా దగ్గరే ఉంది.
ఆఖరి ముడి సున్నం పట్టి రాయైపోయింది.
దాని తర్వాత ఒక గజం వట్టి తాడు.
కోసెయ్యమని
ఎవరూ చెప్పలేదు.